వెనక సీట్లో పెట్రోలు వాసన

2003 ఏప్రిల్ నాటికి నేను పటాన్‌చెరు శివార్లలో, బొంబాయి హైవే మీద ఉన్న ఒక కార్ల సర్వీస్ స్టేషన్‌లో వర్క్స్ మేనేజర్‌గా చేరి నాలుగేళ్లయింది. వర్క్స్ మేనేజర్ అంటే షెడ్డులోకి వచ్చిన ప్రతి బండికీ, దాని మీద చెయ్యి వేసిన ప్రతి మెకానిక్‌కీ జవాబుదారు. నా కింద ఇద్దరు సూపర్‌వైజర్లు, ఒక హెడ్ మెకానిక్, పదకొండు మంది మెకానిక్‌లు ఉండేవారు. నా పైన జనరల్ మేనేజర్ ఒక్కరే. ఆయన హైదరాబాద్‌లో కూర్చునేవారు, మాకు ఫోన్‌లో తప్ప కనపడేవారు కాదు. ఆయన ఫోన్ చేశారంటే ఏదో కొంప మునిగిందనే లెక్క.

మా వృత్తిలో వినడానికి ఇష్టపడని మాట ఒకటుంది, 'రిపీట్ జాబ్' అని. బాగుచేసి పంపిన బండి అదే ఫిర్యాదుతో తిరిగొస్తే దాని జాబ్ కార్డు మీద ఎర్ర ముద్ర పడుతుంది. జాబ్ కార్డు ఆస్పత్రిలో రోగి కేస్ షీటు లాంటిది. బండి ఎప్పుడొచ్చింది, యజమాని ఏం చెప్పాడు, మేం ఏం చూశాం, ఏం మార్చాం, ఎవరు సంతకం పెట్టారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ ఏప్రిల్‌లో ఒకే బండి కార్డు మీద మూడో ఎర్ర ముద్ర పడింది. ఆ ముద్ర చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అది 1998 మోడల్ తెల్ల చిన్నకారు. ఏసీ లేదు. యజమాని లక్ష్మయ్య సేటు, సంగారెడ్డిలో కందులు, పెసర్లు కొని అమ్మే వ్యాపారి. ఆయనకు పటాన్‌చెరు మార్కెట్ దగ్గర గోదాము ఉంది. రోజూ పొద్దున తొమ్మిదికి తనే బండి నడుపుకుంటూ వచ్చి సాయంత్రం ఐదున్నరకు తిరిగి వెళ్లేవాడు. ఆయన కోడలు సరిత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. పటాన్‌చెరులోనే ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఉద్యోగం. రానూపోనూ మామగారి బండిలోనే ప్రయాణం. ఫిర్యాదు ఆమెది. బండిలో పెట్రోలు వాసన వస్తోందని, దిగేసరికి తలనొప్పీ వాంతులూ అని. చెప్పడం మాత్రం ప్రతిసారీ సేటే చెప్పేవాడు, అదీ తనకు నమ్మకం లేని మాటను మోసుకొచ్చినట్టు.

"నాకైతే ఏం వాసన రాదు సార్," అనేవాడు. "ఇస్నాపూర్ దాటినంక ఫ్యాక్టరీల కంపు ఉంటది గద. మా కోడలుకు గా గాలి పడ్తలేదు. ఎందుకైనా మంచిది, జెర సూడుండ్రి."

ఆయన మాట కొట్టిపారేయడానికి లేదు. ఆ రోజుల్లో హైవే మీద వెళ్లేవాళ్లందరికీ ఒక అలవాటుండేది. ఇస్నాపూర్ చౌరస్తా రాగానే, ఎవరూ చెప్పకుండానే, చేతులు అద్దాల హ్యాండిల్ మీదికి పోయేవి. ఎండాకాలమైనా, చెమటలు కారుతున్నా సరే, నాలుగు అద్దాలూ పైకెత్తేసి పటాన్‌చెరు దాకా ఉక్కలో కూర్చునేవారు. బస్సుల్లో వాళ్లు కొంగులూ రుమాళ్లూ ముక్కుకు కట్టుకునేవారు. అక్కడే ఉండే మాకు మాత్రం ఆ వాసన వాసనగా తెలియడం ఎప్పుడో మానేసింది. ఊరి నుంచి చుట్టాలొచ్చి అడిగితే "ఏ వాసన?" అనేవాళ్లం.

మొదటిసారి మా హెడ్ మెకానిక్ యాదగిరి బండిని ర్యాంప్ ఎక్కించి కార్బొరేటర్, పెట్రోలు పంపు, కింద గొట్టాలు అన్నీ చూశాడు. ఎక్కడా తడి లేదు. అయినా రెండు పాత రబ్బరు గొట్టాలు మార్చి పంపాడు. వారానికి బండి తిరిగొచ్చింది. రెండోసారి కార్బొరేటర్ విప్పి కడిగాం, లీకు కాకుండా మధ్యలో వేసే గాస్కెట్ మార్చాం. పది రోజులకు మళ్లీ వచ్చింది. మూడోసారి నేనే స్వయంగా రోడ్ టెస్ట్‌కు వెళ్లాను. రుద్రారం దాకా వెళ్లి వచ్చాం. యాదగిరి నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. అద్దాలు దించే ఉన్నాయి. మెకానిక్ అన్నవాడెవడూ అద్దాలు ఎత్తి రోడ్ టెస్ట్ చెయ్యడు. ఇంజన్ చప్పుడు, చక్రాల చప్పుడు వినాలి కదా! ఏ వాసనా రాలేదు. దిగి, జాబ్ కార్డు మీద 'పరీక్షించడమైనది, లోపం కనిపించలేదు' అని రాసి సంతకం పెట్టాను.

సేటు ఆ మాటే లెటర్‌హెడ్ మీద వేరుగా రాసిమ్మన్నాడు. ఎందుకని అడగలేదు. పీడ విరగడైందన్న తొందరలో రాసి, ముద్ర కూడా కొట్టి ఇచ్చాను.

నాలుగోసారి, ఒక శనివారం మధ్యాహ్నం, ఆ అమ్మాయే వచ్చింది. సేటు వెనకాలే నిలబడ్డాడు, మొహం చిట్లించుకుని. ముందు మాట్లాడింది ఆమే.

"సార్, మీరు రాసిచ్చిన కాగితం మా ఇంట్ల అందరు సదివిండ్రు," అంది. "బండిల ఏం లేదంట, తప్పంత ఫ్యాక్టరీ గాలిదేనంట. ఈ నెలాఖరుకు నౌకరీ బంద్ జెయ్యాలె అంటుండ్రు. రాజీనామా కాగితం రాసి పెట్టిండ్రు, నేను దస్కతు పెట్టుడే ఉంది."

నెలాఖరు ఇంకా పది రోజులుంది. పెళ్లయ్యాక ఇంట్లో ఒప్పించడానికి రెండేళ్లు పట్టిందట ఆ ఉద్యోగానికి. ఆ ఇంట్లో జీతానికి బయటికి వెళ్లిన మొదటి ఆడమనిషి ఆమే. సేటు చెడ్డవాడు కాదు. "ఆరోగ్యం కన్న నౌకరీ ఎక్కువనా సార్, మీరే చెప్పుండ్రి," అన్నాడు నాతో. నిజంగానే బాధపడుతున్నాడు. అందుకే ఆయనతో వాదించడం కష్టం.

నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. చిర్రెత్తుకొచ్చింది. మూడుసార్లు విప్పి చూసిన బండి, లోపం లేదని నేను సంతకం పెట్టిన బండి. మా షెడ్డులో మాకొచ్చి చెప్పేదేమిటి ఈ అమ్మాయి అనుకున్నాను. "అమ్మా, మీరుండేదే ల్యాబ్‌లో. అక్కడి వాసన బట్టలకు పట్టి ఉంటుంది," అన్నాను కొంచెం విసురుగానే.

"సార్, పొద్దుగాల్నుంచి నేను సాల్వెంట్ల మధ్యల్నే ఉంట. ఏది టోలుయిన్ సాల్వెంటు, ఏది పెట్రోలు నాకు తెల్వదా?" అంది. గొంతు పెంచలేదు. సంచిలోంచి ఒక పొడుగు నోట్‌బుక్ తీసి నా టేబుల్ మీద పెట్టింది.

ఇరవై రెండు రోజుల లెక్క ఉంది అందులో. గీతలు గీసి, గడులు కట్టి రాసింది. తేదీ, ట్యాంకులో పెట్రోలు ఎంత, బండి ఎండలో ఉందా నీడలో ఉందా, అద్దాలు ఎక్కడ ఎత్తారు, వాసన ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది. మా సూపర్‌వైజర్లు ఒక్కరోజు కూడా జాబ్ కార్డు అంత శుభ్రంగా నింపి ఎరగరు. ట్యాంకు నిండుగా ఉన్న రోజుల్లో వాసన ఎక్కువ. బండి పొద్దంతా గోదాము ముందు ఎండలో ఉంటుంది కాబట్టి సాయంత్రం ఇంకా ఎక్కువ. ఒక గడిలో 'పెట్రోలు బంకులో మూత తీస్తే బుస్సుమని గాలి వచ్చింది' అని రాసి ఉంది. ఆ మూత మేం మూడుసార్లలో ఒక్కసారైనా తీసి చూడలేదు. ఆ వాక్యం దగ్గర నా విసురు కొంచెం తగ్గింది.

పొద్దున వాసన మొదలయ్యేది మాత్రం రోజూ ఇస్నాపూర్ దగ్గరే. అదే సేటు వాదనకు బలం. సరిత దానికి అడ్డంగా ఇంకో గడి చూపించింది. అద్దాలు ఎత్తేది కూడా అక్కడే.

"ఒకటే తాన రెండు మారుతున్నయి సార్. ఫ్యాక్టరీలు వస్తయి, అద్దాలు మూసుకుంటయి. ఏది కారణమో ఎట్ల తెలుస్తది? మా ల్యాబ్‌ల అయితే బ్లాంక్ పెడ్తం."

బ్లాంక్ అంటే ఏమిటో ఆమే చెప్పింది. అనుమానం ఉన్న పదార్థం వెయ్యకుండా, మిగతాదంతా అలాగే ఉంచి చేసే పరీక్ష. అంటే ఫ్యాక్టరీలు లేని చోటికి పోయి అద్దాలు ఎత్తి చూడాలి. పాతికేళ్లుగా బండ్లు చూస్తున్న నాకు తట్టని సంగతి, బానెట్ ఎత్తడం కూడా రాని మనిషి చెబుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

బండి అప్పటికి నాలుగు గంటలు ఎండలో ఉంది, ట్యాంకు నిండుగా ఉంది. సదాశివపేట వైపు వెళ్దాం, మీరూ రండి అన్నాను. ఆమె రానంది, షెడ్డులోనే ఉంటానంది. "నేనుంటే నా మాట వినే వాసన వచ్చిందంటరు. మీరే పోయి సూడుండ్రి. నేను కూసునే తాన కూసోండ్రి, సాలు."

"ఎక్కడ కూర్చుంటారు?"

"వెనక సీట్ల, ఎడమ దిక్కు."

ఇంకెక్కడ కూర్చుంటుంది? మామగారు బండి నడుపుతుంటే ఆయన పక్కన ముందు సీట్లో కోడలు కూర్చోవడం ఆ ఇంట్లో లేదు, అప్పట్లో చాలా ఇళ్లలో లేదు. మేం చేసిన పరీక్షలన్నీ ముందు సీట్లోంచే.

యాదగిరి నడిపాడు. సేటు ముందు కూర్చున్నాడు. నేను వెనక ఎడమ వైపు కూర్చున్నాను. ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటేదాకా అద్దాలు దించే ఉంచాం. సంగారెడ్డి చౌరస్తా దాటి, రెండు పక్కలా కోసేసిన చేలు తప్ప ఇంకేమీ లేని చోట నాలుగు అద్దాలూ ఎత్తించి గడియారం చూసుకున్నాను. ఏడు నిమిషాలు పట్టింది. మొదట మోకాళ్ల దగ్గర ఏదో చల్లగా, తీయగా తగిలినట్టయింది. తర్వాత గొంతులో. పది నిమిషాలకు నా కణతలు కొట్టుకోవడం మొదలైంది. పెట్రోలే. అందులో ఇక సందేహం లేదు.

"నాకైతే ఏం వస్తలేదు సార్," అన్నాడు ముందు నుంచి యాదగిరి.

"నాకు గూడ," అన్నాడు సేటు.

బండి ఆపించి, దిగి, సేటును వెనక్కి రమ్మన్నాను. సొంత బండిలో వెనక సీట్లో కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారట. కొన్న అయిదేళ్లలో! పైగా ఆయన ముక్కు ముప్పై ఏళ్లుగా నశ్యం పీల్చిన ముక్కు. దానికి కూడా తెలుస్తుందా అని నాకు అనుమానమే. మళ్లీ అద్దాలు ఎత్తి నడిపించాను. కొంతసేపు బింకంగా కూర్చున్నాడు. తర్వాత రుమాలు తీశాడు. ఆ తర్వాత తనంతట తానే అద్దం దించుకుని తల బయట పెట్టాడు.

"రోజు గిట్లనే కూసుంటదా మా కోడలు?" అన్నాడు.  బండిని తిరిగి షెడ్డుకు పట్టించాను.

ఇక పని మొదలైంది. చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. పెట్రోలు ట్యాంకు ఎండకు వేడెక్కితే లోపల ఆవిరి పుడుతుంది. పాత కార్లలో దాన్ని అలాగే గాలిలోకి వదిలేసేవారు. తర్వాత నిబంధనలు మారి, ఆ ఆవిరిని ఒక సన్న గొట్టం గుండా ముందుకు తీసుకెళ్లి, బొగ్గు నింపిన ఒక డబ్బాలోకి పంపడం మొదలైంది. ఈ డబ్బాను కానిస్టర్ అంటారు. బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది, నడిచేటప్పుడు ఇంజన్ కొంచెం కొంచెంగా దాన్ని పీల్చుకుని కాల్చేస్తుంది. ఆ దారి ఎక్కడైనా మూసుకుపోతే ఆవిరి ట్యాంకులోనే ఒత్తిడి కట్టి, బలహీనంగా ఉన్న చోటు చూసుకుని బయటపడుతుంది.

ట్యాంకు మూత తిప్పగానే, సరిత రాసినట్టే, బుస్సుమంది. వెనక సీటు ఎత్తించాను. దాని కింద ఒక రేకు మూత, ఆ మూత కింద ట్యాంకు నెత్తిన పెట్రోలు మీటరు యంత్రం బిగించి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న రబ్బరు గాస్కెట్ మీద సబ్బు నురగ పోశాడు యాదగిరి. ఎడమ పక్కన బుడగలు వరసగా లేచాయి. రబ్బరు ఎండి అప్పడంలా పగిలి ఉంది. సరిగ్గా ఆమె కూర్చునే చోటి కింద.

గాస్కెట్ మార్చి పంపిస్తే వాసన ఆగేది. కానీ అసలు ఒత్తిడి ఎందుకు కట్టిందో తేలాలి. ఆవిరి గొట్టాన్ని చేత్తో పట్టుకుని ముందుదాకా వెతుక్కుంటూ పోయాం. కానిస్టర్ ఆ మోడల్లో ముందు లైటు వెనక మూల దాక్కుని ఉంటుంది. బ్యాటరీ తీస్తే తప్ప కనపడదు. అందుకే మూడుసార్లూ ఎవరూ చూడలేదు. బ్యాటరీ తీయించాను. కానిస్టర్‌లోకి వెళ్లాల్సిన గొట్టం ఊడదీసి ఉంది. దాని మూతిలో ఒక బోల్టు దోపి, పైన తీగ క్లిప్పు బిగించి, నీలం టేపు చుట్టి ఉంది.

నాకు పూనకం వచ్చింది. రోడ్డు పక్క మెకానిక్‌లనందరినీ కలిపి తిట్టాను. మైలేజీ పెరుగుతుందని చెప్పి గొట్టాలు మూసే వెధవలు, ఎక్కడపడితే అక్కడ బోల్టులు దోపే వెధవలు, మనుషుల ప్రాణాలతో ఆడుకునే వెధవలు అని షెడ్డంతా వినపడేలా అరిచాను. సేటునూ వదల్లేదు. ఎవడికి ఇచ్చావయ్యా బండిని, ఎవడు పెట్టాడు ఈ బోల్టు అని నిలదీశాను. ఆయన బిక్కమొహం వేసి, మీ షెడ్డు తప్ప ఇంకో షెడ్డు ఎరగనని చెప్పాడు. అది కూడా నేను నమ్మలేదు.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు యాదగిరి మెల్లగా అన్నాడు. "సార్, గట్ల ఒర్రకుండ్రి. గా టేపు చుట్టింది నేనే. నా చుట్టు నాకు తెల్వదా? మీరు చెప్తేనే చుట్టిన."

స్టోర్ రూమ్‌లోంచి పాత జాబ్ కార్డులు తెప్పించాను. దొరికింది. 2001 జూలై. పెట్రోలు ధర పెరగబోతోందని తెలిసి సేటు ముందురోజే ట్యాంకు నింపించాడు. అంతటితో ఆగక, అందరూ చేసినట్టే, బండిని ఇటూ అటూ ఊపి ఊపి మెడదాకా పోయించాడు. పెట్రోలు పొంగి ఆవిరి గొట్టంలోకి, అక్కణ్నుంచి కానిస్టర్‌లోకి వెళ్లి బొగ్గు తడిసి ముద్దయింది. ఇంజన్ ఆగి ఆగి నడుస్తోందని మా దగ్గరికి వచ్చాడు. కొత్త కానిస్టర్ స్టాకులో లేదు. కార్డు మీద ఇలా ఉంది: 'కానిస్టర్ పాడైనది. గొట్టం తాత్కాలికంగా మూయడమైనది. సామాను రాగానే మార్చవలెను.' కింద సంతకం నాది. అక్షరం కూడా నాదే. సామాను వచ్చే ఉంటుంది. ఇంకో బండికి వేసే ఉంటాం. తాత్కాలికం అన్న ఆ మాట రెండేళ్లు అలాగే ఉండిపోయింది. ఈలోగా రెండు వేసవుల ఒత్తిడికి గాస్కెట్ పగిలింది.

షెడ్డులో అరవడానికి ఇక ఎవరూ మిగల్లేదు.  

కొత్త కానిస్టర్, కొత్త గాస్కెట్ అప్పుడే వేయించాను. ఇక సంగతి అయిపోయిందనుకుంటుండగా సరిత ఆఫీసు గదిలోకి వచ్చి నిలబడింది.

"సార్, పోయినసారి కాగితం రాసిచ్చిండ్రు కద. గిప్పుడు గూడ కాగితమే ఇయ్యుండ్రి. మామయ్య సూసిండు, సరే. ఇంట్ల మిగిలినోళ్లు మీ పాత కాగితమే సూసిండ్రు."

తప్పు షెడ్డుదైతే రాతపూర్వకంగా ఒప్పుకోకూడదన్నది మా దగ్గర గట్టి నియమం. నోటితో ఏమైనా చెప్పొచ్చు, ముద్ర మాత్రం పడకూడదు. జనరల్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఒక్కటే మాట అన్నారు, నోటితో చెప్పి పంపించెయ్ అని. ఫోన్ పెట్టేసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూశాను. లోపం లేదని రాయడానికి ఎవరినీ అడగని నేను, లోపం ఉందని రాయడానికి అనుమతి అడుగుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. లెటర్‌హెడ్ తీసి రాశాను. వెనక సీటు కింద నుంచి పెట్రోలు ఆవిరి బండిలోకి వస్తున్నదని, దానికి కారణం 2001లో మా షెడ్డులో జరిగిన అసంపూర్తి పని అని, అంతకుముందు ఇచ్చిన కాగితం చెల్లదని. సంతకం పెట్టి ముద్ర కొట్టాను.

ఆమె రెండుసార్లు చదివింది. తేదీ వెయ్యడం మర్చిపోయానని చూపించి వేయించుకుంది. కాగితాన్ని నోట్‌బుక్‌లో పెట్టుకుని, థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. చెప్పాల్సిన అవసరమూ లేదు.

నెలాఖరుకు రాజీనామా ఇవ్వలేదు. సేటు తర్వాత సర్వీసుకు వచ్చినప్పుడు చెప్పాడు, కోడలు ల్యాబ్‌లో సెక్షన్ ఇన్‌ఛార్జి అయిందని. కొంచెం గర్వంగానే చెప్పాడు. ఆమె ఇప్పటికీ వెనకే కూర్చుంటుందా అని అడిగితే, "ఔ మల్ల, ఇంకెక్కడ కూసుంటది?" అన్నాడు. ఇస్నాపూర్ దగ్గర అద్దాలు ఎత్తడం కూడా మానలేదట. ఫ్యాక్టరీల వాసన ఎక్కడికీ పోలేదు కదా. ఆ కాగితం రాసిచ్చినందుకు నాకు హైదరాబాద్ నుంచి ఒక మెమో వచ్చింది, సర్వీసు ఫైలులో చేరింది. రిటైరయ్యేటప్పుడు కూడా అది ఫైలులో ఉంది.

ఇందులో నేను నేర్చుకున్నది చిన్నది. 'లోపం కనిపించలేదు' అన్నది బండి గురించిన మాట కాదు, చూసినవాడి గురించిన మాట. ఆ తర్వాత మా షెడ్డు జాబ్ కార్డులో ఒక గడి కొత్తగా గీయించాను: ఫిర్యాదు చేసినవారు ఏ సీట్లో కూర్చుంటారు? దాని పక్కనే ఇంకొకటి: పరీక్షించినవారు ఏ సీట్లో కూర్చున్నారు? ఆ రెండు గడుల్లో ఒకే జవాబు లేకపోతే, ఆ కార్డు మీద మళ్లీ నేను సంతకం పెట్టలేదు.